గ్రామీణ కొలిమిలో గ్యాసు బర్నరు: సిలిండరు అనుసంధానంలో భద్రతా సూత్రాలు, తడ తీర ప్రాంతానికి వాటి అన్వయం

సారాంశం

వ్యవసాయ పనిముట్ల మరమ్మతు చేసే గ్రామీణ కొలిమిలో బొగ్గుకు బదులుగా ద్రవీకృత పెట్రోలియం వాయువును వాడడం సాంకేతికంగా సాధ్యమే, కొంతవరకు లాభదాయకమే. అయితే స్థానికంగా తయారు చేసుకున్న బర్నరుకు సిలిండరును కలిపే చోటనే ప్రమాదం పొంచి ఉంటుంది. బర్నరు తయారీకి, ఒత్తిడి భాగాల తయారీకి మధ్య ఉండవలసిన హద్దును నిర్ణయించి, అనుసంధాన భాగాల ఎంపిక, స్థాన నిర్ణయం, లీకు పరీక్ష, వెలిగించి ఆర్పే క్రమం, అత్యవసర చర్యలను ఈ వ్యాసం వివరిస్తుంది. ఉప్పుగాలి, సముద్రపు గాలి, ఈశాన్య రుతుపవన వర్షాలు గల తడ పరిసరాలను ఉదాహరణగా తీసుకోవడమైనది.

ఉపోద్ఘాతం

తడ మండలం ఆంధ్ర తీరానికి దక్షిణపు కొస. ఒకవైపు పులికాట్ సరస్సు, మరొకవైపు చెన్నై–కోల్‌కతా జాతీయ రహదారి, దక్షిణాన తమిళనాడు సరిహద్దు. పూర్వం నెల్లూరు జిల్లాలో ఉన్న ఈ మండలం 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లాలో చేరింది. జిల్లా మారినా నేల, నీరు, గాలి మారలేదు. ఇక్కడి రైతుకు కొడవలి, పార, గునపం, గొర్రు పళ్ళు, నాగలి కర్రు ఎంత అవసరమో, సరస్సు మీద బ్రతికే వారికి పడవ మేకులు, కొక్కేలు, లంగరు ముక్కలు అంతే అవసరం. ఉప్పుగాలికి ఇనుము త్వరగా తుప్పు పడుతుంది గనుక సాగదీసి పదును పెట్టించే పని ఇక్కడ ఎక్కువ.

సరుగుడు, సర్కారు తుమ్మ బొగ్గుతో నడిచే కొలిమికి రెండు ఇబ్బందులు. వర్షాకాలంలో బొగ్గు చెమ్మగిల్లుతుంది. తిత్తి లేదా బ్లోయరు దగ్గర ఒక మనిషి కట్టుబడి ఉండాలి. గ్యాసు కొలిమి నిమిషాలలో వేడెక్కుతుంది, వేడి సమంగా ఉంటుంది, పని లేనప్పుడు ఆర్పివేయవచ్చు. పైగా బర్నరు నిర్మాణం సులభం: ఒక గొట్టం, ఒక సన్నని రంధ్రం, గాలి రావడానికి దారి. నేర్పరి అయిన కమ్మరి దానిని ఒక పూటలో తయారు చేయగలడు. ఆ సౌలభ్యంలోనే చిక్కు ఉంది. బర్నరును తయారు చేసిన చేయి అదే ఊపులో సిలిండరు కలుపును కూడా చేతికందిన సామానుతో చేయబోతుంది. విస్తరణ శాస్త్రవేత్త ఆపవలసిన చోటు అదే.

1. ఇంధన స్వభావం

మన దేశంలో సిలిండర్లలో వచ్చేది శుద్ధ ప్రొపేన్ కాదు. ప్రొపేన్, బ్యూటేన్ వాయువుల మిశ్రమం. ప్రొపేన్ మరిగే ఉష్ణోగ్రత సుమారు −42° సెం., బ్యూటేన్‌ది సుమారు −0.5° సెం. సిలిండరులో ఈ మిశ్రమం తన ఒత్తిడి వల్లనే ద్రవంగా నిలిచి ఉంటుంది. వాల్వు తెరవగానే పైభాగంలోని ఆవిరి బయటికి వస్తుంది, అడుగున ఉన్న ద్రవం మరిగి ఆ లోటు పూరిస్తుంది.

ఈ ఇంధనం గురించి విద్యార్థి గుర్తుంచుకోవలసిన లక్షణాలు మూడు.

మొదటిది, బరువు. ప్రొపేన్ ఆవిరి గాలికంటె సుమారు ఒకటిన్నర రెట్లు, బ్యూటేన్ ఆవిరి రెండు రెట్లు బరువైనవి. లీకైన గ్యాసు పైకి పోదు. నేల వెంట పాకి గుంటలలో, కాలువలలో, గడపల వెనుక నిలుస్తుంది. పైకప్పు దగ్గర కిటికీ ఉన్నంత మాత్రాన గది గాలి ఆడుతున్నట్లు కాదు.

రెండవది, మండే హద్దు. గాలిలో సుమారు 2 శాతం నుండి 9.5 శాతం వరకు గ్యాసు కలిసినప్పుడు ఆ మిశ్రమం అంటుకుంటుంది. ఒక కిలో గ్యాసు ఆవిరిగా మారితే దాదాపు అర ఘనమీటరు అవుతుంది. అది 2 శాతంగా కలిస్తే 25 ఘనమీటర్ల మండే మిశ్రమం ఏర్పడుతుంది. మూడు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు, 2.7 మీటర్ల ఎత్తు గల పాకలో ఉండే గాలి మొత్తం అంతకంటె కొంచెం తక్కువే. అంటే 19 కిలోల సిలిండరులో ఒక్క కిలో కారితే చాలు, పాకంతా ప్రమాదకరం కాగలదు. నేల మట్టంలో పేరుకునే స్వభావం వల్ల ఇంకా తక్కువ గ్యాసుకే ప్రమాదం సంభవించవచ్చు.

మూడవది, వాసన. గ్యాసుకు స్వతహాగా వాసన లేదు. లీకును పసిగట్టడానికి ఇథైల్ మెర్కాప్టాన్ కలుపుతారు. బొగ్గు, నూనె, చేపల వాసనల మధ్య రోజంతా పనిచేసే ముక్కు ఆ హెచ్చరికను ఆలస్యంగా గుర్తించవచ్చు. కనుక వాసనను ఆఖరి కాపలాగా భావించాలి గాని మొదటి పరీక్షగా కాదు.

1997 సెప్టెంబరు 14న విశాఖపట్నంలోని హెచ్.పి.సి.ఎల్. చమురుశుద్ధి కర్మాగారంలో జరిగిన ఎల్.పి.జి. దుర్ఘటనలో 50 మందికి పైగా మరణించారు. కొలిమికి, కర్మాగారానికి పరిమాణంలో పోలిక లేదు. కారిన ఆవిరి నేలను అంటుకొని వ్యాపించి నిప్పును చేరుతుందన్న భౌతిక సూత్రం మాత్రం రెండు చోట్లా ఒకటే.

2. ఒత్తిడిలో మూడు మెట్లు

అనుసంధానంలో జరిగే తప్పులలో అధికభాగం ఒత్తిడిని గురించిన అపోహ నుండి పుడతాయి. కింది మూడు మెట్లను నల్లబల్లపై పక్కపక్కన వ్రాసి చూపడం మంచిది.

సిలిండరు లోపల: 30° సెం. వద్ద శుద్ధ బ్యూటేన్ ఆవిరి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు సుమారు 2.8 కిలోలు, ప్రొపేన్‌ది సుమారు 11 కిలోలు. మిశ్రమంలో ఒత్తిడి ఈ రెండింటి మధ్య ఉంటుంది; ఎండ పెరిగిన కొద్దీ పెరుగుతుంది.

కొలిమి బర్నరు వద్ద: గాలిని తానే లాక్కొనే రకం బర్నరుకు సుమారు 0.3 నుండి 1 కిలో ఒత్తిడి చాలును.

ఇంటి పొయ్యి వద్ద: గృహ రెగ్యులేటరు ఇచ్చేది 30 గ్రాములు మాత్రమే, అంటే 0.03 కిలో.

ఈ వ్యత్యాసమే ప్రలోభానికి మూలం. ఇంటి రెగ్యులేటరుతో కొలిమి బర్నరు సరిగా గాలిని లాగదు, మంట పసుపుగా నీరసంగా వస్తుంది. అప్పుడు కొందరు రెగ్యులేటరును విప్పి లోపలి స్ప్రింగును బిగించడానికి ప్రయత్నిస్తారు. మరికొందరు రెగ్యులేటరునే తీసివేసి సిలిండరు నుండి నేరుగా గొట్టం కలుపుతారు. మొదటిదానిలో పలుచని డయాఫ్రం తన శక్తికి మించిన పని చేస్తుంది. రెండవదానిలో సిలిండరు ఒత్తిడి అంతా గొట్టం మీద, కలుపుల మీద పడుతుంది; ఎక్కడ జారినా గ్యాసు ధారగా చిమ్ముతుంది. రెండూ సర్వథా నిషిద్ధం. సరియైన మార్గం సర్దుబాటు చేయదగిన అధిక పీడన రెగ్యులేటరు, దానితోపాటు ఒత్తిడి చూపే మీటరు.

గృహావసరానికి ఇచ్చిన సిలిండరును వ్యాపారానికి వాడడం 2000 సంవత్సరపు ఎల్.పి.జి. సరఫరా, పంపిణీ నియంత్రణ ఉత్తర్వు ప్రకారం నేరం. కొలిమికి 19 కిలోల వాణిజ్య సిలిండరునే తీసుకోవాలి.

3. ఇంటి తయారీకి హద్దు ఎక్కడ?

ఈ వ్యాసంలోని ముఖ్య ప్రతిపాదన ఇది: బర్నరు దగ్గరి మూత వాల్వుకు ఇవతల, అనగా కొలిమి వైపు, కమ్మరి నైపుణ్యానికి చోటుంది. ఆ వాల్వు నుండి సిలిండరు వరకు ఉన్న ప్రతి భాగమూ ప్రమాణ ముద్ర గలిగి, కొనుగోలు చేసినదై ఉండాలి.

కారణం స్పష్టం. కొలిమి వైపు తప్పు జరిగితే మంట సరిగా రాదు, దడదడలాడుతుంది, ఇనుము కాలదు. తప్పు వెంటనే కంటికి కనబడుతుంది. సిలిండరు వైపు తప్పు జరిగితే చాలాకాలం ఏమీ కనబడదు. అన్నీ సవ్యంగా నడుస్తున్నట్లే తోచి, ఒకనాడు ఒక్కసారిగా బయటపడుతుంది. కంటికి కనిపించే తప్పును చేతితో దిద్దుకోవచ్చు. కనిపించని తప్పుకు పరీక్షించి ముద్ర వేసిన భాగమే రక్షణ.

4. అనుసంధాన భాగాలు

సిలిండరు: నిటారుగా, వాల్వు పైకి ఉండేలా నిలపాలి. పడుకోబెడితే ఆవిరికి బదులు ద్రవమే గొట్టంలోకి వస్తుంది. ద్రవం ఆవిరయితే పరిమాణం సుమారు 250 రెట్లు పెరుగుతుంది గనుక మంట ఒక్కసారిగా కొలిమి దాటి ఎగసిపడుతుంది. సిలిండరు పైభాగపు పట్టీ మీద తదుపరి పరీక్ష గడువు ఆంగ్ల అక్షరం, రెండంకెలతో వ్రాసి ఉంటుంది. ఏ అంటే జనవరి–మార్చి, బి అంటే ఏప్రిల్–జూన్, సి అంటే జూలై–సెప్టెంబరు, డి అంటే అక్టోబరు–డిసెంబరు. అంకెలు సంవత్సరాన్ని తెలుపుతాయి. గడువు దాటిన దానిని, అడుగు వలయం తుప్పుపట్టిన దానిని తీసుకోరాదు.

రెగ్యులేటరు: ఆ సిలిండరు వాల్వుకు తగినదే కావాలి. ఇంధన వాయువుల కలుపులలో ఎడమ మరలు వాడుక ఎక్కువ. తిరగనప్పుడు బలవంతంగా బిగిస్తే ఇత్తడి మర చెడుతుంది. రబ్బరు వాషరుతో బిగిసే కలుపుకు టేపు చుట్టరాదు. అక్కడ వాయువును ఆపేది వాషరు గాని మర కాదు.

గొట్టం: ఎల్.పి.జి. కోసం ఐ.ఎస్. 9573 ముద్ర గల, లోపల తీగ లేదా దారపు అల్లిక గల రబ్బరు గొట్టం కావాలి. ఆ గొట్టం రెగ్యులేటరు ఇచ్చే ఒత్తిడికి తగిన రకమై ఉండాలి. పవర్ స్ప్రేయరు గొట్టం ఎంత ఒత్తిడికైనా తట్టుకుంటుందని రైతు అనవచ్చు. అది నీటి మందుకు చేసినది, హైడ్రోకార్బన్ ఆవిరికి కాదు. అలాగే వెల్డింగు దుకాణంలోని ఎర్ర ఎసిటిలీన్ గొట్టం కూడా తగదు. ఎసిటిలీన్‌కు మాత్రమే చేసిన రబ్బరును ఎల్.పి.జి. క్రమంగా పాడుచేస్తుంది. గొట్టం చివరలు యంత్రంతో నొక్కిన బిగింపులతో ఉండాలి. కట్టుతీగతో చుట్టి మెలిపెట్టడం బిగింపు కాదు.

మూత వాల్వు: బర్నరుకు చేయి అందే దూరంలో, వేడి తగలని చోట, గ్యాసుకు అనువైన ఇత్తడి బాల్ వాల్వు ఒకటి ఉండాలి. దాని వెనుక మంట వెనక్కి పోకుండా ఆపే నిరోధక పరికరం అమర్చడం మంచిది.

మరల కలుపు: సన్నగిలే పైపు మరలకు గ్యాసుకు తగిన మందపాటి టెఫ్లాన్ టేపు వాడాలి. నీటి గొట్టాలకు వాడే జనపనార, రంగు పూత ఇక్కడ పనికిరావు.

బర్నరు: గాలి కలిసే గొట్టం పొడవు దాని లోపలి వ్యాసానికి సుమారు 8–9 రెట్లు ఉంటే కలయిక బాగుంటుంది. ఒక ఘనపరిమాణం ప్రొపేన్ పూర్తిగా మండడానికి సుమారు 24 ఘనపరిమాణాల గాలి, బ్యూటేన్‌కు సుమారు 31 కావాలి. అందుకే గాలి దారికి జరిగే మూత ఒకటి అవసరం. కాలే భాగంలో జింకు పూత గల నీటి పైపు వాడరాదు. జింకు సుమారు 907° సెం. వద్ద మరిగి, ఆ పొగ పీల్చినవారికి చలిజ్వరం తెప్పిస్తుంది. నల్ల ఇనుప పైపు వాడాలి.

5. స్థాన నిర్ణయం: తడ పరిసరాలు

మధ్యాహ్నం తర్వాత ఇక్కడ సాధారణంగా గాలి తూర్పు నుండి, సముద్రం వైపు నుండి వీస్తుంది. రాత్రి నేల వైపు నుండి సముద్రానికి మళ్ళుతుంది. పని ఎక్కువగా పగలే జరుగుతుంది గనుక సిలిండరును కొలిమికి తూర్పున, గాలి వచ్చే వైపు ఉంచాలి. పడమర ఉంచితే నిప్పురవ్వలు సిలిండరు వైపు కొట్టుకుపోతాయి. తూర్పున ఉంచినప్పుడు లీకైన గ్యాసు కొలిమి వైపు రాదా అన్న సందేహం న్యాయమైనదే. అందుకే దిక్కుతోపాటు దూరం, అడ్డు కూడా చూడాలి: సిలిండరును పాక బయట, కనీసం మూడు మీటర్ల దూరంలో, కొలిమికి నేరుగా ఎదురు కాకుండా ఒక పక్కకు జరిపి, మధ్యలో ఇటుక గోడ ఉండేలా అమర్చాలి. పరిసరాలలో గుంట, మురుగుకాలువ, బావి ఉండరాదు.

తడి ఇసుక మీద సిలిండరు నిలిపితే అడుగు వలయం త్వరగా తుప్పుపడుతుంది. ఇటుకల మీదనో, చెక్క పలక మీదనో నిలపాలి. ఉప్పు తేమకు రెగ్యులేటరు స్ప్రింగు, గొట్టపు తీగ అల్లిక, బిగింపులు మిగతా ప్రాంతాలకంటె త్వరగా చెడతాయి. కనుక లోతట్టు గ్రామాలలో అప్పుడప్పుడు చేసే తనిఖీని ఇక్కడ నెలనెలా చేయాలి. ఈశాన్య రుతుపవనాల కాలంలో నీరు చేరే పల్లపు చోటైతే, వర్ష సూచన రాగానే సిలిండరును విడదీసి మెరకకు చేర్చాలి; ఖాళీ సిలిండరు వరదనీటిలో తేలిపోతుంది.

తాటాకు పాకలో గ్యాసు కొలిమి పెట్టరాదు. రేకుల కప్పు, నేల మట్టాన రెండు వైపులా తెరపి ఉండాలి. గాలి చాలని కొలిమి నుండి వెలువడే కార్బన్ మోనాక్సైడుకు రంగు, వాసన లేవు; తలనొప్పి, మత్తు దాని తొలి గుర్తులు. చలికో వానకో తలుపులు మూసి పనిచేయడం ప్రాణాంతకం.

6. లీకు పరీక్ష

ప్రతి కొత్త అమరిక తర్వాత, సిలిండరు మార్చిన ప్రతిసారీ ఈ క్రమం పాటించాలి.

అ) బర్నరు వాల్వు మూసి, సిలిండరు తెరిచి, రెగ్యులేటరును పని ఒత్తిడికి తేవాలి.
ఆ) ప్రతి కలుపు మీద చిక్కటి సబ్బునీరు పూసి ఒక నిమిషం గమనించాలి. బుడగ పెరిగితే లీకు ఉన్నట్లే.
ఇ) మీటరును పది నిమిషాలు చూడాలి. బర్నరు మూసి ఉండగా ఒత్తిడి నెమ్మదిగా పెరుగుతూ పోతే రెగ్యులేటరు లోపలి మూత సరిగా కూర్చోవడం లేదని అర్థం. దానిని మరమ్మతు చేయక మార్చివేయాలి.
ఈ) ఇప్పుడు సిలిండరు మూసి మరో పది నిమిషాలు చూడాలి. ఒత్తిడి తగ్గితే ఎక్కడో కారుతున్నట్లు.

అగ్గిపుల్లతో లీకు వెతకడం పరీక్ష కాదు, ప్రమాదానికి ఆహ్వానం.

7. వెలిగించే, ఆర్పే క్రమం

వెలిగించేటప్పుడు నిప్పు ముందు, గ్యాసు తరువాత. కొలిమి నోటికి పక్కగా నిలబడి, లోపల కాగితపు మంట ఉంచి, ఆపైన బర్నరు వాల్వును కొద్దిగా తెరవాలి. అంటుకోకపోతే వెంటనే మూసి, లోపలి గ్యాసు పోయేంత వరకు కనీసం ఐదు నిమిషాలు ఆగాలి. కొలిమి చల్లగా ఉన్నప్పుడు సముద్రపు గాలికి మంట ఆరిపోవచ్చు. ఈ బర్నర్లలో గ్యాసును తానుగా ఆపే ఏర్పాటు ఉండదు. కావున మండుతున్న కొలిమిని విడిచి ఎవరూ పోరాదు. మంట గొట్టంలోనికి వెనుదిరిగి టపటపమని శబ్దం వస్తే వెంటనే మూసివేయాలి.

ఆర్పేటప్పుడు ముందుగా సిలిండరు మూయాలి. గొట్టంలో మిగిలినది మండిపోయిన తరువాత బర్నరు వాల్వు మూసి, రెగ్యులేటరు మరను వదులు చేయాలి. బర్నరును మాత్రమే మూసి ఇంటికి పోతే రాత్రంతా గొట్టంలో ఒత్తిడి నిలిచి ఉంటుంది.

8. సిలిండరు చల్లబడడం

0.8 మి.మీ. రంధ్రం గల జెట్టు, ఒక కిలో ఒత్తిడి వద్ద గంటకు సుమారు 0.8–0.9 కిలో గ్యాసును వదులుతుందని లెక్కించవచ్చు. కిలోకు సుమారు 46 మెగాజౌళ్ళ ఉష్ణం చొప్పున అది దాదాపు 11 కిలోవాట్ల వేడి. 19 కిలోల సిలిండరు సుమారు 21–24 గంటలు వస్తుంది. కిలో ద్రవం ఆవిరి కావడానికి సుమారు 350 కిలోజౌళ్ళు కావాలి; ఆ వేడిని సిలిండరు తన గోడల ద్వారా గాలి నుండే తీసుకుంటుంది. సిలిండరు నిండుకొనే కొద్దీ ద్రవం తాకే గోడ తగ్గి, బయట చెమ్మ, ఒక్కొక్కప్పుడు మంచు కనిపించి, మంట తగ్గుతుంది. అప్పుడు సిలిండరును ఎండలో పెట్టడం, కొలిమి దగ్గరికి జరపడం, వేడినీరు పోయడం వంటివి చేయరాదు. పని ఆపి విరామం ఇవ్వాలి, లేదా చిన్న జెట్టుకు మారాలి.

9. అత్యవసర చర్యలు

వాసన వస్తే సిలిండరు మూసి, నిప్పు ఆర్పి, అందరినీ గాలి వచ్చే వైపుకు పంపాలి. విద్యుత్ స్విచ్చులను వేయరాదు, ఆర్పరాదు. గ్యాసు లీకుకు 1906, అగ్నిమాపక దళానికి 101, అంబులెన్సుకు 108.

లీకు వద్దనే మంట మండుతూ ఉంటే, వాల్వు మూయగలిగితేనే దానిని ఆర్పాలి. మంట ఆరి లీకు నిలిస్తే, ఆవిరి పేరుకొని రెండవసారి పేలుడుగా అంటుకుంటుంది. సిలిండరునే మంట చుట్టుకుంటే దగ్గరికి పోరాదు. కాలిన ఉక్కు గోడ పగిలితే లోపలి ద్రవం క్షణంలో మరిగి నిప్పుగోళం అవుతుంది. జనాన్ని దూరంగా తరలించడమే అప్పటి కర్తవ్యం. కాలిన గాయం మీద 20 నిమిషాలు చల్లని నీరు పారించాలి. సిరా, టూత్‌పేస్టు, నూనె పూయరాదు.

10. విస్తరణ కార్యకర్తకు సూచన

మనం చెప్పిన మాటకంటె మనం చేసి చూపినది గ్రామంలో ఎక్కువకాలం నిలుస్తుంది. ప్రదర్శననాడు సరియైన గొట్టం దొరకలేదని తాత్కాలికంగా వేరొకటి కలిపి చూపితే, ఆ తాత్కాలికమే పది కొలిములలో శాశ్వతం అవుతుంది. భాగాలన్నీ సమకూరనినాడు ప్రదర్శనను వాయిదా వేయడం వైఫల్యం కాదు. అదే ఆనాటి పాఠం. కమ్మరి నేర్పును తక్కువ చేసి మాట్లాడరాదు. బర్నరు గాలి మూత, నోటి ఆకృతి, కొలిమి లోపలి పూత విషయాలలో అతని అనుభవాన్ని అడిగి తెలుసుకోవాలి. ఆ గౌరవం ఇచ్చినప్పుడు, సిలిండరు వైపు మనం గీసే హద్దును అతడు కూడా మన్నిస్తాడు.

ముగింపు

గ్యాసు కొలిమి ఖర్చును లెక్కించేటప్పుడు రెగ్యులేటరు, మీటరు, ముద్ర గల గొట్టం ధరలను అదనపు ఖర్చుగా కాక కొలిమిలో భాగంగానే లెక్కించాలి. ఆ మొత్తం భరించలేనప్పుడు బొగ్గు కొలిమినే మెరుగుపరచుకోవడం ఉత్తమం. చౌకగా అమర్చిన గ్యాసు కొలిమి కంటె బాగుగా నడిచే బొగ్గు కొలిమి ఎల్లప్పుడూ మేలు.

పునశ్చరణ ప్రశ్నలు

1. గృహ రెగ్యులేటరుతో కొలిమి బర్నరు ఎందుకు సరిగా మండదు? దానిని సవరించడం ఎందుకు ప్రమాదకరం?
2. బర్నరు మూసి ఉండగా మీటరు ముల్లు నెమ్మదిగా పైకి పోతే లోపం ఎక్కడ ఉన్నది?
3. నాలుగు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తు గల పాకలో ఎంత గ్యాసు కారితే మిశ్రమం మండే హద్దును చేరుతుంది?
4. మీ గ్రామంలోని ఒక కొలిమి పటం గీసి, మధ్యాహ్నపు గాలి దిక్కును గుర్తించి, సిలిండరు స్థానాన్ని నిర్ణయించి, కారణాలు వ్రాయండి.